సగం మిగిలిన పౌలిన్

శ్రోతలకు నమస్కారం.

రైలు పట్టాలకు ఒక అమ్మాయిని తాళ్లతో కట్టేశారు. పక్కన విలన్ మీసం మెలేస్తున్నాడు. దూరం నుంచి రైలు కూత. మూకీ సాహస సినిమా అనగానే చాలామందికి ఈ దృశ్యమే గుర్తొస్తుంది. దీన్ని 1914లో థియేటర్లలో భాగాలుగా ఆడిన అమెరికన్ సినిమా సీరియల్ ‘ది పెరిల్స్ ఆఫ్ పౌలిన్’ ఖాతాలో వేస్తారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే నమ్మాను. తీరా చూస్తే, మిగిలిన భాగాల్లో ఎక్కడా ఆ దృశ్యం లేదు!

మిగిలిన భాగాలు అంటున్నాను, ఎందుకంటే 20 భాగాలుగా వచ్చిన ఆ సీరియల్ మనకు పూర్తిగా దక్కలేదు. యూరప్ ప్రేక్షకుల కోసం పాథే అనే ఫ్రెంచి సినిమా కంపెనీ దాన్ని 9 భాగాలకు కుదించింది. ఇప్పుడు మనం చూడగలిగేది ఆ కుదించిన ప్రతినే.

అసలు పౌలిన్ ఎవరు? పెళ్లి కాస్త ఆగాలి, ముందు లోకం చూడాలి, తర్వాత రచయిత్రి కావాలి అని పట్టుబట్టిన పిల్ల. 1914లో ఆ మాట అనడమే పెద్ద సాహసం. పెంచిన తండ్రి చనిపోయాక ఆస్తి చూసే బాధ్యత ఆయన సెక్రటరీ చేతికి వస్తుంది. ఆమె చనిపోతే ఆస్తి తనదే అని వాడి ఆశ. అందుకే ప్రతి భాగంలో ఒక కొత్త పన్నాగం. ఒకసారి గాలి బెలూన్ తాడు తెగి, పౌలిన్ ఒక్కతే ఆకాశంలోకి వెళ్లిపోతుంది. ఇంకోసారి కొండ మీంచి పెద్ద బండ దొర్లి వస్తుంటే దాని ముందు పరుగెత్తుతుంది. చూస్తుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

పౌలిన్‌గా వేసిన పెర్ల్ వైట్ ఆ సాహసాలు చాలావరకు స్వయంగా చేసింది. అలా తగిలిన వెన్ను దెబ్బ ఆమెను జీవితాంతం బాధపెట్టింది. 1938లో పారిస్‌లో కన్నుమూసింది. ఆమె ఒళ్లు హూనం చేసుకుని చేసిన పనిలో సగం మనకు లేదంటే నాకు మనసు ఒప్పదు.

ఆ రోజుల్లో సినిమాలు నైట్రేట్ ఫిలిం మీద తీసేవారు. అది అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. ఊరికే ఉంచినా కొన్నేళ్లకు జిగురై, పొడైపోతుంది. ఆట అయిపోయిన ప్రింట్లను అందులోని వెండి కోసం కరిగించినవాళ్లూ ఉన్నారు. మన రఘుపతి ప్రకాష్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా ఈనాడు చూద్దామంటే లేదు.

పౌలిన్ బతికింది గానీ, వేరే భాషలు తిరిగి వచ్చింది. మూకీలో మాటలను తెర మీద రాసి చూపించే టైటిల్ కార్డులు ఫ్రెంచిలోకి వెళ్లి, మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చాయి. ఆ రాకపోకల్లో తప్పులు దొర్లాయి. ఒకచోట ‘ఇమ్మోర్టల్’ (అమరమైన) బలం అని ఉండాల్సింది ఇంగ్లీషులో ఒక్క అక్షరం జారి ‘ఇమ్మోరల్’ (నీతిమాలిన) బలం అయింది. విలన్ అయిన ఆ సెక్రటరీ పేరూ మారింది. మొదట వాడు ఓవెన్. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు కదా, వాడికి కోర్నర్ అని జర్మన్ పేరు పెట్టారు.

ఒక అదృష్టం ఉంది. సీరియల్ ఆడుతున్నప్పుడే అమెరికాలోని హర్స్ట్ సంస్థ పత్రికలు ఆ కథను భాగాలుగా అచ్చు వేశాయి. చూడలేని సాహసాలను కనీసం చదువుకోవచ్చు. అక్కడ విలన్ ఇంకా ఓవెన్‌గానే ఉన్నాడు.

నమస్కారం.