ప్లకార్డులు సరే, ప్రయాణం సంగతేమిటి?

(గుంటూరులో జాతీయ ఓటర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపైనున్న ప్రిన్సిపాళ్లకు, పొద్దున్నే బ్రాడీపేట వీధుల్లో ర్యాలీ నడిచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. పొగడ్తలకు సమయం తీసుకోను. 2011 నుంచి ఏటా జనవరి 25న మనం ర్యాలీ తీస్తున్నాం, ప్రతిజ్ఞ చేయిస్తున్నాం. వీటివల్ల విద్యార్థుల ఓట్లు పెరుగుతున్నాయా అన్నదే నా ప్రశ్న.

2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటింది. అందులో ర్యాలీల వాటా ఎంతో ఎవరూ తేల్చలేరు. అమెరికాలో మాత్రం బెన్నియన్, నికర్సన్ అనే పరిశోధకులు కళాశాల తరగతులను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నింటిలో మాత్రమే ఓటరు నమోదు గురించి వివరించి, దరఖాస్తులు అక్కడికక్కడే నింపించి చూశారు. ఆ తరగతుల్లో నమోదు సుమారు 6 శాతం పాయింట్లు, ఓటింగ్ రెండున్నర పాయింట్లు పెరిగాయి. ఫారం ఎక్కడ దొరుకుతుందో ఈమెయిల్‌లో చెప్పి ఊరుకుంటే ఏమాత్రం పెరగలేదు. చేతికి కాగితమిచ్చి పక్కన నిలబడితేనే పని జరిగిందన్నమాట.

ఇక నా బాధ చెప్పాలి. 2024 ఎన్నికలకు ముందు ఇక్కడికి దగ్గరలోనే ఒక కళాశాల, పేరు చెప్పను, గేటు దగ్గర సెల్ఫీ బోర్డు పెట్టింది. సిరా గుర్తున్న వేలు బొమ్మ ఆ బోర్డుపై మనిషంత ఎత్తు ఉంది. అదే కళాశాల మే 14 ఉదయం ల్యాబ్ పరీక్ష వేసింది! కనిగిరి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయిలు ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, “సార్, ఊరెళ్లి ఓటేస్తే తెల్లారేసరికి తిరిగి రాలేం, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు” అని మొరపెట్టుకున్నారు. టైంటేబుల్ మార్చడం కుదరదన్నారు. పోలింగ్ రోజున ఆ పిల్లలు హాస్టల్లో రికార్డులు రాసుకుంటూ కూర్చున్నారు. ప్రతిజ్ఞ చేయించినవారే దారి మూసేశారు కదా! ర్యాలీ ముందు వరసలో నడిచింది ఆ అమ్మాయిలే.

హాస్టల్ చిరునామాతో ఇక్కడే నమోదు చేసుకోవచ్చుగా అంటారు. చేసుకోవచ్చు, అందుకు విద్యాసంస్థ అధిపతి ధ్రువీకరణ కావాలి. కానీ ఊళ్లో ఓటు పోతుందని ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, పంచాయతీ ఎన్నికలొస్తే ఆ ఓటే కావాలంటారు. ఆ మాటనూ తీసిపారేయలేం.

1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఇప్పుడు 17 నిండితే ముందుగానే ఓటరు నమోదు దరఖాస్తు, అంటే ఫారం 6, ఇవ్వవచ్చు. 18 ఏళ్లు నిండాయో లేదో చూసే అర్హత తేదీలు కూడా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలుగా ఏడాదికి నాలుగున్నాయి. అడ్మిషన్ల కౌంటరు పక్కనే ఒక బల్ల వేసి, ఫారాలు పెట్టి, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులిద్దరిని కూర్చోబెడితే చాలు. బ్యానరు ఖర్చు కూడా ఉండదు.

వేదికపైనున్న ప్రిన్సిపాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. పోలింగ్ తేదీ వెలువడిన రోజునే, పోలింగ్‌కు ముందురోజూ మరుసటిరోజూ పరీక్షలు లేకుండా టైంటేబుల్ సవరిస్తామని ఈ పిల్లల ముందు మాటిస్తారా? మైకు మీ ముందే పెడుతున్నాను.