అమ్మ అడిగిన మీటరు

తమ్ముడు: అక్కా, పొద్దున్నే అమ్మ షుగర్ మీటరు ముందేసుకుని కూర్చుంది. వేలికి గుచ్చుకుంది, బొట్టు రక్తం స్ట్రిప్‌కి తగిలించింది, ఠక్కున నంబరొచ్చింది. "క్యాన్సర్‌కీ ఇలాంటిదొకటి చెయ్యొచ్చుగా, మీ అక్కనడుగు" అంది.

అక్క: అమ్మ చేతిలో ఉన్నది బయోసెన్సరేరా. 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ బయటపెట్టిన ఆలోచన అది. స్ట్రిప్ మీద పూసిన ఎంజైమ్ గ్లూకోజ్‌నే పట్టుకుంటుంది, అప్పుడు పుట్టే కాస్త కరెంటును మీటరు కొలుస్తుంది.

తమ్ముడు: మరి ఎంజైమ్ మార్చేస్తే సరిపోదూ?

అక్క: దాని బదులు యాంటీబాడీ, అంటే మనం వెతికే ప్రోటీన్‌నే పట్టుకునే ఇంకో ప్రోటీన్, పెడతాం, అదెంత పని! లెక్క చూడు. షుగర్ 100 అంటే డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు. మగవాళ్లకుండే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌కి రక్తంలో చూసే పీఎస్‌ఏ అనే ప్రోటీన్ మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితేనే డాక్టరు అనుమానపడతాడు.

తమ్ముడు: ఆగు, ఫోన్‌లో కొడతా... రెండున్నర లక్షల రెట్లు తక్కువ!

అక్క: అంత తక్కువున్నా పట్టే సెన్సర్లున్నాయి. పట్టాకే అసలు తలనొప్పి. వయసు మీద పడి ప్రోస్టేట్ పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పీఎస్‌ఏ ఎక్కుతుంది. ఇక ఇంటిల్లిపాదికీ టెన్షన్.

తమ్ముడు: అయినా ముందే తెలిస్తే మంచిదేగా?

అక్క: నేనూ అలాగే అనుకునేదాన్ని. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్లతో అండాశయ క్యాన్సర్ ట్రయల్ జరిగింది. ఒక గుంపుకి ఏటా రక్తంలో, ఆ క్యాన్సర్‌లో పెరిగే సీఏ-125 అనే ప్రోటీన్ చూశారు. 2021లో ఫలితాలొచ్చాయి. జబ్బు తొలి దశలో ఎక్కువమందిలో దొరికింది, చావులు మాత్రం తగ్గలేదు.

తమ్ముడు: అయ్యో.

అక్క: నాకు రక్తం కంటే ఉమ్మి మీద ఆశ ఎక్కువ. నోట్లో పుండైతే ఉమ్మిలోనే నానుతుంది కదా. ఇంటర్‌ల్యూకిన్-8 అనే ప్రోటీన్ నోటి క్యాన్సర్ వాళ్ల ఉమ్మిలో ఎక్కువ కనిపిస్తుంది. కాకపోతే చిగుళ్లు వాచినా అది పెరుగుతుంది, మళ్లీ అదే గొడవ.

తమ్ముడు: శ్రీకాకుళంలో నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని.

అక్క: ఆ అలవాటుతో వచ్చే అంగిలి క్యాన్సర్ వల్లే ఉత్తరాంధ్ర పేరు వైద్య పుస్తకాలకెక్కింది. దానికి ముందు అంగిలి మీద తెల్లటి మచ్చలొస్తాయి, నోరు తెరిపించి చూస్తే కనిపిస్తాయి. తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇలాగే నోళ్లు చూశారు. పొగాకు, మందు అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది.

తమ్ముడు: అంటే టార్చి లైటు చాలు, నీ సెన్సర్ దండగ!

అక్క: మచ్చ ఉందని టార్చి చూపిస్తుంది, ఏ మచ్చ ముదురుతుందో చెప్పదు. అది ఉమ్మిలో తెలిస్తే బయాప్సీకి, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షకి, ముందెవర్ని పంపాలో తేలిపోతుంది. నా కుస్తీ అంతా దానికోసమే.

తమ్ముడు: మరి అమ్మకేం చెప్పను?

అక్క: ముందు అమ్మ షుగర్ ఎంతుందో చెప్పు.

తమ్ముడు: 162. రాత్రి పూర్ణాలు చేసిందిలే.

అక్క: ఫోన్ అమ్మకివ్వు.