పక్కనుంచి దిగిన నీళ్ళు

అందరికీ నమస్కారమండి. మా గోదారి వైపు కొత్త నీరొచ్చిందంటే ఇంట్లో ఆడవాళ్ళకి పని డబుల్ అయినట్టే, కుళాయి తిప్పితే పల్చటి టీ లాగా ఎర్రగా వస్తాయి నీళ్ళు, బిందెలో పట్టి పొద్దున్నదాకా వదిలేస్తే అడుగున మడ్డి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడైతే ఇంక చెప్పక్కర్లేదు. ఆ వరదలప్పుడే మా అమ్మ అటక మీంచి పాత స్టీలు ఫిల్టరు దింపించింది, అదేనండి, రెండు డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, పైదాంట్లో తెల్లటి క్యాండిల్స్, అంటే నీళ్ళు వడకట్టే సన్నటి రంధ్రాల పింగాణీ గొట్టాలు ఉంటాయి, కిందదానికి కుళాయి ఉంటుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు లేదు, నీళ్ళు వాటి బరువుకి అవే దిగుతాయి. ఇవాళ దాని గురించే నాలుగు ముక్కలు చెప్దామని.

నేను బజారుకెళ్ళి కొత్త క్యాండిల్ ఒకటి కొనుక్కొచ్చి బిగించానండి. మా దాంట్లో రెండు చిల్లులు ఉంటాయి, రెండు క్యాండిల్సు ఎందుకులే దండగ అని ఒకటే పెట్టి రెండో చిల్లుకి పాత ప్లాస్టిక్ బిరడా ఉంటే అది తిప్పేశా. పైన నిండా నీళ్ళు పోస్తే గంట తిరక్కుండా మొత్తం కిందకి దిగిపోయాయి, అబ్బ ఎంత స్పీడుగా దిగుతోందో చూశావా అమ్మా అని గొప్పలు కూడా పోయాను. వారం తిరిగేసరికి ఇంట్లో ఇద్దరికి విరేచనాలు. సరే క్యాండిల్ నాసిరకం అనుకుని పట్టుకుని కొట్టుకెళ్తే, ఆ కొట్టాయన పెద్దాయన, క్యాండిల్ వంక చూడను కూడా చూడలేదు. "గంటకి ఎన్ని నీళ్ళు దిగుతున్నాయి బాబూ?" అన్నాడు. ఎనిమిది లీటర్లదాకా అన్నాను. నవ్వి, "ఒక్క క్యాండిల్‌కి గంటకి లీటరో రెండు లీటర్లో దిగాలి గానీ ఎనిమిది దిగితే అది ఫిల్టరు కాదు, చిల్లు కుండ. వాషర్ చూస్కో ఫో" అని పంపించేశాడు.

ఇంటికొచ్చి చూస్తే ఆ బిరడాకి అసలు వాషరే లేదండి. నీళ్ళు క్యాండిల్ జోలికే పోకుండా హాయిగా ఆ పక్కనుంచి దిగిపోతున్నాయి. అంటే వారం పాటు మేం తాగింది ఫిల్టర్లో దాచిన గోదారి నీళ్ళన్నమాట!

అప్పట్నుంచి నేను ఎవరింట్లో ఫిల్టర్ బిగించినా ముందు ఒక టెస్ట్ చేస్తాను, పైసా ఖర్చు లేదు. క్యాండిల్ అడుగున వేలెడు లావు ప్లాస్టిక్ కప్పు ఉంటుంది కదా, పై డ్రమ్ములో ఆ ప్లాస్టిక్ సగం మునిగేటట్టు మాత్రమే నీళ్ళు పోయాలి, తెల్ల భాగానికి నీళ్ళు తగలకూడదు. పావుగంట ఆగి కింద చెయ్యి పెట్టి చూడండి. ఒక్క చుక్క రాలినా అది వాషర్ దగ్గర్నుంచో బిరడా దగ్గర్నుంచో వచ్చిందే, క్యాండిల్ లోంచి వచ్చే దారే లేదు కాబట్టి. పొడిగా ఉందా, అప్పుడు నిండా పోస్కోండి. వాషర్ లోపలివైపు, క్యాండిల్‌కీ డ్రమ్ము అడుక్కీ మధ్యన రావాలి, నట్టు కిందనుంచి చేత్తోనే బిగించాలి. కొంతమంది పట్టకారు పెట్టి బిగిస్తారు, ఆ ప్లాస్టిక్ టప్పుమని విరుగుద్ది, నాకు రెండు విరిగాయి కాబట్టే చెప్తున్నా.

కొత్త క్యాండిల్ తెచ్చీ తేగానే బిగించెయ్యకండి, ఓ రెండు మూడు గంటలు మంచినీళ్ళలో నానబెట్టండి, దాని రంధ్రాల్లో గాలి ఉంటుంది, ఆ గాలి పోకపోతే నీళ్ళు దిగవు, జనం పాడైపోయిందనుకుని వెనక్కి తీస్కెళ్ళిపోతారు. మొదటి రెండు మూడు డ్రమ్ముల నీళ్ళు మొక్కలకి పోసెయ్యండి. ఇంకోటి, పై డ్రమ్ము ఎప్పుడూ నిండుగా ఉంటేనే బాగా దిగుద్ది, పైన ఉన్న నీళ్ళ బరువే కదా తోసేది, సగానికి వచ్చిందంటే నెమ్మదిస్తుంది.

మరి ఎర్రనీళ్ళు తిన్నగా పోసేస్తే ఏమవుద్దంటే రెండ్రోజులకి క్యాండిల్ మూసుకుపోద్ది. అందుకని ముందు తేరబెట్టుకోవాలి. మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది, మీలో కూడా పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇండుపగింజ అని కూడా అంటారు. ఇప్పుడు దొరకటం కష్టం, పటిక ముక్క తీస్కుని బిందెలో నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తే గంటా రెండు గంటల్లో మట్టంతా అడుక్కి పోద్ది, పైనున్న తేట మాత్రం మెల్లిగా వంచుకోవాలి. ఎక్కువ తిప్పితే నోరు వగరు. ఆ తర్వాత గుడ్డలో వడకట్టుకుని పొయ్యండి, గుడ్డంటే పాత నూలు చీర. ఇది పాతకాలపు మాట అని కొట్టిపారెయ్యకండి, బంగ్లాదేశ్‌లో మత్లాబ్ అనే చోట రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త వాళ్ళ బృందం 65 ఊళ్ళలో ఆడవాళ్ళ చేత చీర మడతలు పెట్టించి చెరువు నీళ్ళు వడకట్టించారు, 2003లో లెక్కలు బయటపెడితే కలరా 48 శాతం తగ్గింది. అందులోనూ కొత్త చీర కన్నా ఉతికి ఉతికి పోగులు పొంగిన పాత చీరే నయమట, సందులు చిన్నవైపోతాయి కాబట్టి.

అసలు ఈ క్యాండిల్ ఎక్కడ్నుంచి వచ్చిందంటే, 1884లో ఫ్రాన్సులో పాశ్చర్ దగ్గర పనిచేసిన చాంబర్లాండ్ అనే ఆయన గ్లేజు లేని పింగాణీ గొట్టం చేశాడు, దాని రంధ్రాలు ఎంత సన్నమంటే బాక్టీరియా దూరలేదు. వడకట్టిన నీళ్ళకీ వడకట్టని నీళ్ళకీ తేడా ఎంతో తెలియాలంటే 1892 నాటి జర్మనీ చూడాలి. హాంబర్గ్‌లో కలరా వచ్చి ఎనిమిది వేల పైచిలుకు మంది పోయారు, దాన్ని ఆనుకునే ఆల్టోనా అని ఇంకో ఊరు, రెండూ ఎల్బే నది నీళ్ళే తాగేవి, ఆల్టోనా వాళ్ళు ఇసక పొరల్లోంచి వడకట్టి వదిలేవారు, హాంబర్గ్ వాళ్ళు వడకట్టకుండానే గొట్టాల్లోకి వదిలేసేవారు. సరిహద్దు వీధిలో ఇటుపక్క కలరా, అటుపక్క దాదాపు లేదు.

సరిగ్గా అదే ఏడాది రష్యాలో ఇవనోవ్‌స్కీ అనే ఆయన ఇంకోటి కనిపెట్టాడండి. పొగాకుకి మచ్చల తెగులు వస్తుంది కదా, మన పొగాకు రైతులకి తెలిసిన తెగులే, ఆ ఆకురసం చాంబర్లాండ్ క్యాండిల్‌లో వడకట్టి మళ్ళీ మంచి ఆకుకి పూస్తే దానికీ తెగులొచ్చేసింది. అంటే క్యాండిల్ లోంచి కూడా దూరిపోయేది ఏదో ఉందన్నమాట. దాన్నే తర్వాత వైరస్ అన్నారు. నేను ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, క్యాండిల్‌ని దాటిపోతుందనే కదా వైరస్ సంగతి మనిషికి తెలిసింది, మరి మన ఇంట్లో క్యాండిల్ మాత్రం ఎలా ఆపుతుంది? పచ్చకామెర్లు తెచ్చే వైరస్సులూ చిన్నపిల్లల విరేచనాల రోటా వైరస్సూ దిగిపోతాయి. కాబట్టి వానాకాలం నీళ్ళు కాచాల్సిందే.

ఇక్కడ మాత్రం మా అమ్మకీ నాకూ గొడవ. ఆవిడ కాచి చల్లార్చి ఫిల్టర్లో పోస్తుంది, మన ఇళ్ళల్లో అందరూ అంతే. నేనేమో ముందు ఫిల్టరు, తర్వాత కాచటం అంటాను. ఎందుకంటే కాచిన నీళ్ళని వారం రోజుల నుంచి జిగురు పట్టి ఉన్న క్యాండిల్ మీద పోస్తే, చంపిన క్రిముల చోట కొత్తవి తెచ్చుకున్నట్టే కదా. "ఒరేయ్, కాచిన నీళ్ళలో సున్నం తెట్టు తేలుద్ది, అది ఎవడు తాగుతాడ్రా" అంటుంది. అదీ నిజమే. చివరికి కాచిన నీళ్ళు తేర్చి మూతున్న స్టీలు బిందెలో పోసుకుంటున్నాం. ఏది ఎలా చేసినా వేడి నీళ్ళు మాత్రం క్యాండిల్ మీద పొయ్యకండి, ప్లాస్టిక్ కప్పుని అతికించిన జిగురు ఊడిపోద్ది.

ఇంకో ముక్క. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళకి, ఉప్పు నీళ్ళకి ఇది పనికిరాదు. ఫ్లోరైడ్ నీళ్ళలో కరిగి ఉంటుంది, దాన్ని క్యాండిల్ పట్టుకోలేదు. నల్గొండ వైపు వాళ్ళకీ కనిగిరి వైపు వాళ్ళకీ నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఆ నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి, అదే ప్రమాదం. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, టెస్ట్ చేయించుకోవాల్సిందే.

కడగటం సంగతి. నీళ్ళు దిగటం నెమ్మదించిందంటే కడగమని అర్థం, వానల్లో వారానికోసారి. ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, క్యాండిల్ తీసి, దాని కింద గొట్టం ఉంటుంది కదా, ఆ కన్నం బొటనవేలితో మూసి పట్టుకోవాలి, మురికి నీళ్ళు అందులోకి వెళ్తే వడకట్టిన వైపుకి మనమే మురికి పంపినట్టు. కుళాయి కింద పెట్టి మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందకి రుద్దండి, గోధుమరంగు జిగురు పొర ఊడి కింద తెల్లగా బయటపడుతుంది, చూడ్డానికి భలే తృప్తిగా ఉంటుంది, ఆ తృప్తి కోసం మా అబ్బాయి రోజూ కడుగుతానంటాడు గానీ కడిగినప్పుడల్లా అది కొంచెం అరుగుద్ది. సబ్బు, విమ్ము, ఏవీ వద్దు, రంధ్రాల్లో దూరితే నీళ్ళు నురగ వాసన. పగులుందేమో అని అనుమానమొస్తే తడిసిన క్యాండిల్‌ని బకెట్టు నీళ్ళలో ముంచి గొట్టానికి చిన్న పైపు పెట్టి ఊదండి, ఒకే చోట నుంచి బుడగలు వచ్చాయంటే కంటికి కనపడకపోయినా పగులున్నట్టే, పారెయ్యండి. కొన్నరోజు తేదీ రాసి డ్రమ్ముకి టేపు అంటించుకుంటే ఎప్పుడు మార్చాలో గొడవుండదు.

అందరూ క్యాండిల్ కడుగుతారు, కింద డ్రమ్ము కుళాయి మాత్రం ఎవరూ విప్పరు. ఓసారి విప్పి లోపల చిటికెన వేలు పెట్టి చూడండి, పాకుడు. వడకట్టిన నీళ్ళన్నీ ఆ పాకుడు రాసుకునే గ్లాసులోకి వస్తున్నాయి. పైగా కుళాయి అడుక్కి అంగుళం పైన ఉంటుంది, ఆ అంగుళం నీళ్ళు ఎప్పటికీ బయటకి రావు, అందుకని కడిగేటప్పుడు డ్రమ్ము వంచి మొత్తం పారబోయాలి.

రాత్రి పైన నింపేటప్పుడు కింద ఎన్ని ఉన్నాయో చూస్కోండి. కింద నిండినా పైనుంచి దిగటం ఆగదు, పొద్దున్న లేచేసరికి వంటింట్లో చెరువు, మా ఇంట్లో బియ్యం బస్తా తడిసింది.

నాలుగు రోజులు ఊరెళ్తున్నారా, రెండు డ్రమ్ములూ ఖాళీ చేసి క్యాండిల్ కడిగి నీడలో ఆరబెట్టి వెళ్ళండి. తిరిగొచ్చాక మళ్ళీ నానబెట్టి, మళ్ళీ ఆ పావుగంట టెస్ట్ చేసి, మొదటి డ్రమ్ము మొక్కలకి.