సేల్స్‌ఫోర్స్‌లో లుకప్‌ని మాస్టర్ డీటెయిల్‌గా మార్చాలా? ముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. ఇవాళ కంపెనీలు తమ కస్టమర్ల, అమ్మకాల రికార్డులు పెట్టుకునే సేల్స్‌ఫోర్స్ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని రివ్యూ చెయ్యట్లేదు. ఒక్క పనే తీసుకుంటున్నా. ఒకదానికొకటి లింకై ఉన్న రికార్డుల మధ్య సంబంధాన్ని, డేటా నిండిపోయాక, జనం వాడుతుండగా మార్చాల్సి వస్తే ఈ సాఫ్ట్‌వేర్ మనకి ఎంతవరకు సాయం చేస్తుంది, ఎక్కడ చెయ్యి వదిలేస్తుంది అన్నది చూద్దాం.

ఒక రికార్డుని ఇంకోదానికి కట్టే రెండు రకాల లింకులు, లుకప్‌కీ మాస్టర్ డీటెయిల్‌కీ తేడా ఏంటి? అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్న ఎవర్నడిగినా నిద్రలో లేపినా చెప్తారు. ఇంటర్వ్యూలో మొదటి పది ప్రశ్నల్లో ఉంటుంది కాబట్టి బట్టీ పట్టేస్తారు. కానీ ఉద్యోగంలో చేరాక అడిగేది అది కాదు. "ఉన్న లుకప్‌ని మాస్టర్ డీటెయిల్ చెయ్యండి, సోమవారం కల్లా కావాలి" అంటారు. అక్కడ బట్టీ పట్టిన జవాబు పనికిరాదు.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాటలో చెప్తాను. లుకప్ ఇంట్లో తెచ్చి పెట్టుకున్న బీరువా అనుకోండి, మాస్టర్ డీటెయిల్ గోడలో కట్టేసిన అల్మరా. ఇల్లు పడగొడితే బీరువాని బయటికి తెచ్చుకోవచ్చు, అల్మరా గోడతో పాటే పోతుంది. మాస్టర్ రికార్డు డిలీట్ చేస్తే దాని కింద ఉన్న డీటెయిల్ రికార్డులన్నీ డిలీట్ అవుతాయి. లుకప్ అయితే మామూలుగా ఆ ఫీల్డ్ ఖాళీ అవుతుంది, రికార్డు మిగులుతుంది.

సరే, స్క్రీన్ మీదకి రండి. ఇది నా డెవలపర్ ఎడిషన్. ఉచితం, ఎవరైనా తీసుకోవచ్చు. ఇందులో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసు సెటప్ కట్టాను. రెండు కస్టమ్ ఆబ్జెక్టులు, అంటే మనం సొంతంగా కట్టుకున్న రికార్డుల రకాలు, ఉన్నాయి. ఒకటి వెంచర్, రెండోది సైట్ విజిట్. సేల్స్ కుర్రాడు కస్టమర్‌ని కారెక్కించుకుని సైట్ చూపించి తీసుకొస్తాడు కదా, ఆ ప్రతి ట్రిప్పూ ఒక సైట్ విజిట్ రికార్డు. సైట్ విజిట్ నుంచి వెంచర్‌కి లుకప్ ఉంది. ఎవరు తీసుకెళ్తే వాళ్ళే ఆ రికార్డుకి ఓనర్. ఎవరి రికార్డు ఎవరికి కనపడాలో చెప్పే మూల సెట్టింగ్, ఆర్గ్ వైడ్ డిఫాల్ట్, ప్రైవేట్‌లో ఉంది, అంటే ఒకరి విజిట్లు ఇంకొకరికి కనపడవు. సేల్స్‌లో పనిచేసినవాళ్ళకి ఇది ఎందుకో చెప్పక్కర్లేదు. కస్టమర్ ఎవరి చేతిలో ఉంటే ఇన్సెంటివ్ వాళ్ళది.

ఇప్పుడు మేనేజర్ వచ్చి, వెంచర్ పేజీ తెరవగానే దానికి ఎన్ని విజిట్లు అయ్యాయో నంబర్ కనపడాలి అంటారు. సమంజసమైన కోరికే. కింద ఉన్న రికార్డులని లెక్కపెట్టి పైన చూపించే రోలప్ సమ్మరీ ఫీల్డ్ పెడితే సరిపోతుంది. కానీ రెండు కస్టమ్ ఆబ్జెక్టుల మధ్య రోలప్ సమ్మరీ పెట్టాలంటే మాస్టర్ డీటెయిల్ ఉండాలి. కాబట్టి అడ్మిన్ నేరుగా ఆబ్జెక్ట్ మేనేజర్‌కి వెళ్ళి, ఫీల్డ్స్ అండ్ రిలేషన్‌షిప్స్‌లో ఆ లుకప్ ఫీల్డ్ తీసి, చేంజ్ ఫీల్డ్ టైప్ నొక్కుతాడు.

ఇక్కడ సేల్స్‌ఫోర్స్ ఒక మంచి పని చేస్తుంది. ఏ ఒక్క సైట్ విజిట్‌లో వెంచర్ ఫీల్డ్ ఖాళీగా ఉన్నా మార్చనివ్వదు. నాకు నచ్చింది. డీటెయిల్ అంటే మాస్టర్ లేకుండా బతకకూడదు కాబట్టి, ముందు అన్నీ నింపుకుని రమ్మంటుంది. మీరు రిపోర్టు తీసి, ఖాళీలన్నీ నింపేసి, మళ్ళీ నొక్కుతారు. అయినా ఒప్పుకోదు. రిపోర్టులో ఒక్క ఖాళీ కూడా లేదు, మరి ఎందుకు ఆపుతోంది? రీసైకిల్ బిన్ చూడండి. డిలీట్ చేసిన విజిట్లు 15 రోజులు అక్కడే ఉంటాయి, వాటిలో వెంచర్ ఖాళీగా ఉన్నవి ఉంటే అవీ అడ్డం పడతాయి. బిన్ ఖాళీ చేస్తే దారి వస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది సపోర్టుకి టికెట్ పెట్టి కూర్చుంటారు.

ఖాళీ ఫీల్డుల దగ్గర ఇంత పట్టుదలగా ఉన్న సాఫ్ట్‌వేర్, అంతకన్నా పెద్ద విషయం దగ్గర మనల్ని ఆపదు. నా అసలు అభ్యంతరం ఇదే. మాస్టర్ డీటెయిల్‌లో డీటెయిల్ రికార్డుకి సొంత ఓనర్ ఉండడు. ఓనర్ ఫీల్డే ఉండదు. ఆర్గ్ వైడ్ డిఫాల్ట్ దానంతటదే కంట్రోల్డ్ బై పేరెంట్ అయిపోతుంది, పేరెంట్ అంటే ఇక్కడ మాస్టరే. అంటే ఏంటి? వెంచర్ ఎవరికి కనపడుతుందో, దాని కింద ఉన్న విజిట్లన్నీ వాళ్ళకి కనపడతాయి. మన ఆఫీసులో వెంచర్లు అందరికీ కనపడాలి కదా, లేకపోతే అమ్మేదెలా? కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరివి వాళ్ళకే కనపడ్డ విజిట్లు, కస్టమర్ పేరూ బడ్జెట్టూ మాట్లాడుకున్న రేటూ సహా, ఒక్క మార్పుతో సేల్స్ టీమ్ మొత్తం ముందుకొచ్చేస్తాయి. రికార్డుని ఇంకొకరికి చూపించే షేరింగ్ రూల్స్, మాన్యువల్ షేరింగ్, ఒక గుంపుకి రికార్డులు అప్పగించే క్యూలు కూడా డీటెయిల్ మీద పనిచెయ్యవు, ఎందుకంటే అవన్నీ ఓనర్ ఉంటేనే నడుస్తాయి.

ఇక నెలాఖరున అకౌంట్స్ వాళ్ళు ఓనర్ వారీగా విజిట్ల రిపోర్టు తీసి ఇన్సెంటివ్ లెక్కేస్తారు. ఓనరే లేనప్పుడు ఎవరికివ్వాలి? మేనేజర్ అడిగింది ఒక్క నంబరు. ఆ నంబరు కోసం ఎవరు ఎంత కష్టపడ్డారన్న లెక్క చెరిగిపోకూడదు.

అందుకని మార్చక తప్పదు అనుకుంటే, ముందు ఈ పని చెయ్యండి. సైట్ విజిట్ మీద యూజర్‌కి ఒక లుకప్ ఫీల్డ్ పెట్టండి, "తీసుకెళ్ళినవారు" అని పేరు పెట్టుకోండి. ఇప్పుడున్న ఓనర్ ఐడీలన్నీ, రికార్డులని ఫైలుగా మొత్తంగా దింపి ఎక్కించే డేటా లోడర్ టూల్‌తో, అందులోకి కాపీ చెయ్యండి. రిపోర్టులూ లిస్ట్ వ్యూలూ ఓనర్ బదులు ఆ ఫీల్డ్ మీద కట్టుకోండి. ఆ తర్వాతే ఫీల్డ్ టైప్ మార్చండి. అయితే ఇది ఇన్సెంటివ్ లెక్కని మాత్రమే కాపాడుతుంది. ఎవరికి కనపడాలి అన్న సమస్య అలాగే ఉంటుంది.

కాబట్టి నా సలహా ఏంటంటే, ఇలాంటి చోట మార్చొద్దు. లుకప్ అలాగే ఉంచి, నంబరు వేరే దారిలో తెచ్చుకోండి. రికార్డు మారగానే దానంతటదే నడిచే రికార్డు ట్రిగ్గర్డ్ ఫ్లో ఒకటి రాసి వెంచర్ మీద మామూలు నంబర్ ఫీల్డ్‌ని అప్‌డేట్ చెయ్యొచ్చు. లేదా ఆండ్రూ ఫాసెట్ మొదలుపెట్టిన డిక్లరేటివ్ లుకప్ రోలప్ సమ్మరీస్ అని ఒక టూల్ ఉంది, డీఎల్ఆర్ఎస్ అంటారు. ఓపెన్ సోర్స్, ఉచితం. లుకప్ మీద రోలప్ లెక్కలు వేసిపెడుతుంది. ఫ్లో రాసేవాళ్ళకి ఒక హెచ్చరిక. విజిట్ కొత్తగా పుట్టినప్పుడు ఒకటి కలపడం అందరూ రాస్తారు. విజిట్‌ని ఒక వెంచర్ నుంచి ఇంకో వెంచర్‌కి మార్చినప్పుడు పాతదాంట్లో ఒకటి తగ్గించడం మర్చిపోతారు. డిలీట్ చేసినప్పుడూ అంతే. కూడికలు తీసివేతలు నమ్ముకోకుండా, ప్రతిసారీ పాత వెంచర్‌దీ కొత్త వెంచర్‌దీ రెండిటి లెక్కా మొదట్నుంచి వేయించండి.

వెంచర్ మార్చడం అన్నాను కదా, మాస్టర్ డీటెయిల్ అయితే అది కూడా ఊరికే కుదరదు. అలౌ రీపేరెంటింగ్ అని ఒక చెక్ బాక్స్ ఉంటుంది. కస్టమ్ మాస్టర్ డీటెయిల్‌కి డిఫాల్ట్‌గా టిక్ ఉండదు. టిక్ లేకపోతే ఒకసారి సేవ్ చేసిన విజిట్‌ని ఇంకో వెంచర్‌కి మార్చలేరు. ఇన్‌వాయిస్ లైన్లలాంటి వాటికి టిక్ లేకపోవడమే మంచిది. సైట్ విజిట్‌కి మాత్రం పెట్టాలి, ఎందుకంటే డ్రాప్‌డౌన్‌లో పక్క వెంచర్ ఎంచుకోవడం రోజూ జరిగేదే.

వెనక్కి రావడం ఎలా? మాస్టర్ డీటెయిల్‌ని లుకప్ చెయ్యాలంటే ముందు మాస్టర్ మీద దానికి సంబంధించిన రోలప్ సమ్మరీ ఫీల్డ్స్ ఏవీ ఉండకూడదు. డిలీట్ చేసినా డిలీటెడ్ ఫీల్డ్స్ లిస్టులో 15 రోజులు కూర్చుంటాయి, అక్కడికెళ్ళి ఎరేజ్ కొట్టాలి. ఇదంతా చేసి మార్చాక, డీటెయిల్ ఆబ్జెక్ట్ ఆర్గ్ వైడ్ డిఫాల్ట్ పబ్లిక్ రీడ్ రైట్‌కి వెళ్తుంది. ప్రైవేట్‌కి కాదు, గమనించండి. సైట్ విజిట్ ఆబ్జెక్ట్ మీద పర్మిషన్ ఉన్న ప్రతివాళ్ళూ అందరి విజిట్లూ చూడొచ్చు, దిద్దొచ్చు కూడా. మళ్ళీ ప్రైవేట్ పెట్టాల్సిన బాధ్యత మీదే. కస్టమర్ల డేటా పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో ఈ డిఫాల్ట్ తలుపులు బార్లా తెరిచేలా కాకుండా మూసేలా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇందుకే ఈ విభాగంలో మార్కులు తగ్గిస్తున్నా.

ఇంకో రెండు పరిమితులు త్వరగా చెప్పేస్తాను. ఒక ఆబ్జెక్ట్‌కి రెండు మాస్టర్ డీటెయిల్స్ మించి కుదరవు. అకౌంట్ (కంపెనీ), కాంటాక్ట్ (మనిషి) లాంటి, సేల్స్‌ఫోర్స్‌తోనే వచ్చే స్టాండర్డ్ ఆబ్జెక్టులని మీ కస్టమ్ ఆబ్జెక్ట్ కింద డీటెయిల్‌గా పెట్టలేరు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం, కాంటాక్ట్స్ టు మల్టిపుల్ అకౌంట్స్. ఒక కంపెనీలో పర్చేజ్ మేనేజర్‌గా ఉన్నాయన ఇంకో కంపెనీకి మారాడు. కాంటాక్ట్‌లో అకౌంట్ పేరు మార్చేస్తే పాత కంపెనీతో ఆయనకున్న చరిత్ర ఏమవ్వాలి? ఈ ఫీచర్ ఆన్ చేసుకుంటే డిఫాల్ట్‌గా పాత అకౌంట్‌తో సంబంధం ఇన్‌డైరెక్ట్‌గా మిగులుతుంది, కొత్తది డైరెక్ట్ అవుతుంది. ఆ సంబంధమే ఒక రికార్డు. దానికి రోల్ ఉంది, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, యాక్టివ్ అన్న టిక్ ఉన్నాయి. మనిషి ఉద్యోగం మారినా, మన దగ్గర ఎవరితో ఏ హోదాలో మాట్లాడాడో చెరిగిపోదు. కన్సల్టెంట్లు, ఆడిటర్లు, ఒకేసారి నాలుగు కంపెనీలకి పనిచేసేవాళ్ళకి కూడా ఇది చక్కగా సరిపోతుంది. ఇక్కడ పూర్తి మార్కులు.

వేలల్లో రికార్డుల పేరెంట్ మార్చాలంటే డేటా లోడర్ తప్పదు. ఇక్కడ ఒక్క సంగతి దగ్గరగా చూపిస్తాను, జూమ్ చేస్తున్నా. ఇది రిపోర్టు నుంచి ఎక్సెల్‌లోకి దింపిన ఐడీ. 15 అక్షరాలు. కింద వరుసలో ఇంకో ఐడీ ఉంది. రెండూ ఒకేలా కనపడుతున్నాయి కదా? చివరి అక్షరం చూడండి, ఒకదాంట్లో పెద్ద ఏ, ఇంకోదాంట్లో చిన్న ఏ. సేల్స్‌ఫోర్స్‌కి ఇవి రెండు వేర్వేరు వెంచర్లు. ఎక్సెల్‌లో వెతికిపెట్టే వీలుకప్ ఫంక్షన్‌కి పెద్దా చిన్నా తేడా తెలియదు. రెండూ ఒకటే అనుకుని మొదట దొరికినదాన్ని తెచ్చేస్తుంది. ఎర్రర్ రాదు, ఫైలు బ్రహ్మాండంగా ఎక్కుతుంది, విజిట్లు మాత్రం వేరే వెంచర్ కింద కూర్చుంటాయి. కాబట్టి ఎప్పుడూ 18 అక్షరాల ఐడీయే వాడండి, అందులో ఈ గందరగోళం ఉండదు. డేటా లోడర్ ఎక్స్‌పోర్ట్ 18 అక్షరాలే ఇస్తుంది. రిపోర్టే కావాలంటే కేస్‌సేఫ్ ఐడీ ఫంక్షన్‌తో ఒక ఫార్ములా ఫీల్డ్ పెట్టుకోండి.

అప్‌లోడ్ చేసేటప్పుడు "అనేబుల్ టు లాక్ రో" అని ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు. మాస్టర్ డీటెయిల్‌లో పిల్ల రికార్డుని, అంటే డీటెయిల్‌ని, మార్చేటప్పుడు సిస్టమ్ పేరెంట్‌ని కూడా లాక్ చేస్తుంది. ఒకే పేరెంట్ కోసం రెండు బ్యాచ్‌లు ఒకేసారి పోటీ పడితే ఒకటి ఓడిపోతుంది. ఫైల్‌ని పేరెంట్ ఐడీ ప్రకారం సార్ట్ చేసి ఎక్కించండి, చాలావరకు తగ్గుతుంది. ఒకే పేరెంట్ కింద 10,000 దాటి పిల్లలు పెట్టొద్దని సేల్స్‌ఫోర్సే చెప్తుంది. "ఇతరములు" అని ఒక డమ్మీ వెంచర్ పెట్టి, ఎటూ తేలని విజిట్లన్నీ అందులో పడేసే అలవాటు ఉన్న ఆఫీసులు ఇది ప్రత్యేకంగా వినాలి.

ఇదే పని చేసే మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ సంగతి అడుగుతారని తెలుసు. అక్కడ ఫీల్డ్ టైప్ మార్చే పని లేదు. సంబంధం ఒకటే ఉంటుంది, దాని ప్రవర్తన సెట్టింగ్‌లో మారుస్తాం. అసైన్ (ఓనర్ మార్చడం), షేర్, అన్‌షేర్, రీపేరెంట్, డిలీట్, వీటిలో ఏది పేరెంట్ నుంచి పిల్లకి పాకాలి, ఏది పాకకూడదు అని విడివిడిగా ఎంచుకోవచ్చు. పేరెంట్ పోతే పిల్ల పోవాలి కానీ ఓనర్ మాత్రం వేరే ఉండాలి అంటే అక్కడ కుదురుతుంది. మన సైట్ విజిట్ లాంటి కేసుకి ఆ పద్ధతే నయం అని నా అభిప్రాయం. సేల్స్‌ఫోర్స్‌లో ఉన్నది రెండు మూటలు, ఒక మూట ఎత్తుకుంటే అందులో ఉన్నవన్నీ ఎత్తుకోవాలి.

కాబట్టి తీర్పు ఇది. డీటెయిల్‌కి సొంత ఓనర్ అక్కర్లేని చోట, అంటే కొటేషన్ లైన్లు, వాయిదాల షెడ్యూలు, బిల్లులో ఐటెమ్‌లు లాంటివాటికి, మాస్టర్ డీటెయిల్‌కి మార్చేయండి, హాయిగా ఉంటుంది. మనుషుల కష్టం ఆ రికార్డు మీద రాసి ఉన్న చోట లుకప్‌ని కదపొద్దు. ఏది చేసినా ముందు శాండ్‌బాక్స్‌లో, అంటే అసలు డేటాకి తగలని ప్రయోగాల కాపీలో, చెయ్యండి. మార్చాక అడ్మిన్ లాగిన్‌తో చూసి సరే అనుకోకండి, అడ్మిన్‌కి ఎప్పుడూ అన్నీ కనపడతాయి. ఒక మామూలు సేల్స్ యూజర్‌గా లాగిన్ అయి, పక్కవాడి విజిట్ ఒకటి పేరుతో వెతకండి. దొరికితే అక్కడితో ఆపి, షేరింగ్ సెట్టింగ్స్‌కి వెళ్ళండి.