1942 మెర్క్యురీ డైమ్: 2 పక్కన దాగిన 1

నమస్కారం. పాత అమెరికా వెండి నాణేల్లో, ముద్రణ లోపం కారణంగానే విలువ పెరిగినవాటిని ఎలా గుర్తుపట్టాలో 1942 నాటి మెర్క్యురీ డైమ్‌తో చూపిస్తాను. ఇది 2.5 గ్రాముల బరువుతో, 90 శాతం వెండితో చేసిన పది సెంట్ల నాణెం. తూకం సరిపోయింది, అయస్కాంతానికి అంటుకోలేదు, ముందుకు వెళదాం.

ఇప్పుడు సంవత్సరాన్ని పెద్దది చేస్తున్నాను. 2 అంకెకు ఎడమ అంచున నిలువుగా ఒక గీత కనిపిస్తోంది, చూడండి, అదే 1. 1941 చివర్లో రెండు సంవత్సరాల హబ్‌లూ (డైని తయారుచేసే ఉబ్బెత్తు అచ్చులు) వాడుకలో ఉన్నప్పుడు, ఒకే డై (నాణెం మీద బొమ్మను కొట్టే అచ్చు) మీద ఒకసారి 1941 హబ్‌నూ మరోసారి 1942 హబ్‌నూ నొక్కడంతో రెండు అంకెలూ అందులో నిలిచిపోయాయి; కనుక ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఈ గీత ఇదే చోట వస్తుంది.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అంకె జంటగా కనిపించినంత మాత్రాన నాణెం విలువైనది కాదు. దెబ్బ పడిన క్షణంలో వదులుగా ఉన్న డై కొద్దిగా జరిగితే, అంకె అంచు నలిగి, చదునైన మెట్టులా మెరుస్తుంది, అసలు అంకె సన్నబడుతుంది. అలాంటిదానికి సేకర్తలు అదనంగా ఏమీ ఇవ్వరు. అసలైన డబుల్డ్ డై, అంటే హబ్‌ను రెండుసార్లు నొక్కిన డైతో కొట్టిన నాణెంలో, రెండో అంకెకూ తనదైన ఎత్తు, గుండ్రదనం ఉంటాయి. దీపం ఒక పక్కనే ఉంచి నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. ఇదిగో, మళ్ళీ తిప్పుతున్నాను, మెట్టు మెరుపు లేదు. ఈ పనికి నేను ఫోన్ కెమెరా కన్నా కంసాలులు వాడే పది రెట్ల భూతద్దాన్నే ఇష్టపడతాను, ఎందుకంటే ఫోన్ తనంతట తాను అంచులకు పదును పెట్టి లేని గీతలను చూపిస్తుంది.

4ను కూడా చూడండి. అసలైన నాణెంలో అదీ జంటగా పడి ఉంటుంది. మామూలు నాణెం మీద ఎవరైనా 1ని చెక్కి ఉంటే 4 మాత్రం ఒంటిగానే మిగిలిపోతుంది.

వెనక వైపు డి అక్షరం ఉంటే డెన్వర్, ఏ అక్షరమూ లేకపోతే ఫిలడెల్ఫియా. లోపం రెండు టంకశాలల్లోనూ జరిగింది కానీ, డెన్వర్ నాణెంలో 1 మసకగా ఉంటుంది కనుక అక్కడ మరింత ఓపిక కావాలి.

1 గీత, 4 అంకె రెండూ సరిపోతే నాణేన్ని కడగకుండా, తుడవకుండా, నాణేలను పరీక్షించే సంస్థలైన పీసీజీఎస్‌కు గానీ ఎన్‌జీసీకి గానీ ధ్రువీకరణకు పంపండి. బాగా అరిగినదైనా అసలైనదని తేలితే వందల డాలర్లు పలుకుతుంది.