వేరుపడిన ఇంటిని ఎలా నమోదు చేయాలి?

సభకు నమస్కారం.

సామాన్య కుటుంబాల బతుకును దశాబ్దాల పాటు నమోదు చేసే పనికి మన నేల మీదే ఒక గట్టి ఉదాహరణ ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలకు ఎంచుకున్న ఆరు ఊళ్లలో అవురుపల్లి, డోకూరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి. తక్కిన నాలుగూ మహారాష్ట్రవి. ఊరికి 40 కుటుంబాలు, వాటిలో పది భూమి లేని కూలీలవి. ఊళ్లోనే మకాం పెట్టిన పరిశోధకులు మూడు నాలుగు వారాలకొకసారి అవే గడపలు తొక్కి, ఎవరు ఎవరి చేలో కూలికి వెళ్లారో, డబ్బు ముట్టిందో గింజలు ముట్టాయో రాసుకున్నారు. ఏడాదికొకసారి అడిగితే ఏ కూలీ కూడా ఈ లెక్క చెప్పలేడు.

ఆ ఓపికకు ఫలితం దక్కింది. కరువు ఏడాది ఆదాయం పడిపోయినంతగా ఇంటి వాడకం పడిపోదని, ఊరు ఎంతో కొంత ఆదుకుంటుందని, అయితే ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు ఆ అండ అంతగా లేదని ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో చూపింది ఈ లెక్కలతోనే. అయితే క్రమం తప్పకుండా సాగిన ఆ నమోదు 1980ల మధ్యలో ఆగి, 2001లో గాని మళ్లీ మొదలు కాలేదు. 1991 నాటి ఆర్థిక సంస్కరణలు, సారా వ్యతిరేక ఉద్యమం, 1995 నాటి మద్య నిషేధం, అన్నీ ఆ ఖాళీలోనే పడ్డాయి. పరిశోధనకు డబ్బు ఆగినప్పుడు చరిత్ర ఆగదు కదా!

నా దృష్టిలో అంతకన్నా చిక్కైన ప్రశ్న, అసలు కుటుంబమంటే ఏది అన్నది. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబమని సర్వేలు సాధారణంగా చెప్పే మాట. అన్నదమ్ములు వేరుపడి, తల్లి నెలకొక కొడుకు ఇంట వంతులవారీగా తింటుంటే, ఆమెను ఏ ఇంటి పట్టికలో రాయాలి? జాగ్రత్త పడకపోతే ఆమె రెండిళ్లలోనూ ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. దీనికి తోడు, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, పొయ్యి ఇంకా ఒకటిగానే ఉన్నా రేషన్ కార్డు వేరు చేయించుకోవడానికి కారణం ఏర్పడింది. అందువల్ల కార్డు చెప్పే కుటుంబం, కంచం చెప్పే కుటుంబం ఒకటి కాకపోవచ్చు. రెండింటినీ విడివిడిగా, తేదీలతో రాసుకోవాలి.

ఈ పనికి పూనుకునే యువ పరిశోధకులు పంపకాల దగ్గర కొంచెం ఆగాలని నా మనవి. భూమి పంపకం పహాణీలోనో పాసుపుస్తకంలోనో ఎప్పటికైనా కనబడుతుంది. అప్పుల పంపకం మాత్రం తరచు పెద్దమనుషుల ముందు నోటిమాటగానే జరిగిపోతుంది. చెల్లెలి పెళ్లికి తెచ్చిన బాకీ ఎవరి వంతుకు వచ్చిందో, ఎండిపోయిన బోరు అప్పు ఎవరి నెత్తిన పడిందో తెలియకుండా, తమ్ముడు హైదరాబాదుకు ఎందుకు వలస వెళ్లాడో, అన్న ఊళ్లోనే ఎలా నిలదొక్కుకున్నాడో చెప్పలేం. 1980లలో జరిగిన పంపకాలకు కూర్చున్న పెద్దమనుషులు ఇప్పుడు బాగా వయసు మళ్లినవాళ్లు. పట్టికలు నింపడం తర్వాతైనా కుదురుతుంది, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.