ఎద్దు నాటకానికి చందా అడిగితే

హోస్ట్: నమస్కారం అండి. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. మహేంద్రతనయ నదికి ఇవతల ఒడిశా, వంతెన దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఈవేళ నా పక్కన మా వీధి అక్క ఉన్నారు. బండెద్దుల బాధ మీద వీధి నాటకం వేస్తున్నారు, సగం తెలుగు, సగం ఒడియా. అక్కా, నాటకం గురించి అందరూ అడుగుతారు. నేను డబ్బు గురించి అడుగుతాను, ఏమనుకోవద్దు.

అక్క: అడుగు తమ్ముడూ. నాటకం రాయడానికి 2 నెలలు పడితే డబ్బులకి 5 నెలలు తిరిగాం.

హోస్ట్: ఎంత కావాల్సి వచ్చింది?

అక్క: 48,000. ఆరుగురు నటులు, ఇద్దరు వాయించేవాళ్లు, 11 ఊళ్లు. ఆటో కిరాయి, భోజనాలు, చిన్న మైక్ సెట్టు. ఎవరికీ జీతం లేదు, కానీ కూలి మానుకుని వచ్చే ఇద్దరికి మాత్రం ఆ రోజు కూలి ఇస్తాం. దాంట్లో బేరం లేదు. ఇంకా డప్పులు. తోలు డప్పు వాయిస్తూ పశువుల గురించి నాటకం ఏమిటని మాలో మాకే పేచీ వచ్చింది. చివరికి ఫైబర్ డప్పులు కొన్నాం. మా డప్పు మాస్టారు మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఆయనే, "మంట దగ్గర కాచే పని లేదు, వాన పడినా మోగుతుంది" అన్నారు.

హోస్ట్: నిజం ఎద్దుని తెస్తే జనం ఇంకా ఎక్కువ వస్తారని ఎవరూ అనలేదా?

అక్క: ఎందుకనలేదు? డబ్బిస్తానన్న ఒకాయన మొదటి షరతే అది. 2001 నాటి రూల్స్ ప్రకారం ప్రదర్శనలో జంతువుని వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించాలి. రూల్ సంగతి అటుంచు. గుంపులో, మైక్ మోతలో, డప్పుల మధ్య ఎద్దుని నిలబెట్టి, దాన్ని బాధపెట్టకండని జనానికి ఎలా చెప్తాం? మా దాంట్లో ఎద్దు మనిషే. భుజాల మీద కాడి, రెండు అరచేతులు చెవులు. అంతే.

హోస్ట్: కంపెనీలని అడగలేదా? లాభంలో కొంత సమాజానికి ఖర్చు పెట్టాలి, సీఎస్సార్ అంటారు కదా.

అక్క: అడిగాం. కంపెనీల చట్టంలో సీఎస్సార్ డబ్బు వేటికి ఖర్చు పెట్టొచ్చో ఉన్న జాబితాలో జంతు సంక్షేమం ఉంది, పేరుతో సహా ఉంది. కానీ ఆ డబ్బు తీసుకునే సంస్థ రిజిస్టరై ఉండాలి, మూడేళ్లు పనిచేసిన చరిత్ర ఉండాలి, సీఎస్సార్-1 ఫారం నింపి ఉండాలి. మేం ఎనిమిది మందిమి, ఒక చందా పుస్తకం. ఆ దారి అక్కడితో ఆగిపోయింది.

హోస్ట్: మరి విదేశాల్లో ఉన్నవాళ్లు? ఇక్కడ ఇంటికొకరు బయటే ఉన్నారు.

అక్క: ఇది వినేవాళ్లు జాగ్రత్తగా వినాలి. మా నటుడొకడి మేనమామ అమెరికా నుంచి 20,000 పంపిస్తానన్నారు. ఎగిరి గంతేశాం. తీరా చూస్తే ఆయన అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. పాస్‌పోర్టు మారితే సొంత మేనమామ అయినా చట్టం దృష్టిలో విదేశీ దాతే. మాలాంటి బృందం ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, అనుమతి లేకుండా ఆ డబ్బు తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. మేనమామగారికి వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పాను.

హోస్ట్: 20,000 అంటే దాదాపు సగం!

అక్క: ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దానికంటే కష్టమైంది ఇంకొకటి. ఒక పెద్దమనిషి 15,000 చేతిలో పెట్టి, పశువులు అమ్మేవాళ్లని, కొనేవాళ్లని విలన్లుగా చూపించమన్నారు. అక్కడే తిరిగి ఇచ్చేశాను. నేను చూసిన ఎద్దు బాధలో అలాంటి విలన్ లేడు తమ్ముడూ. బండివాడికి ట్రిప్పుకింత అని డబ్బిస్తారు. ఇంకో ట్రిప్పు వేస్తే పిల్లల ఫీజు. అందుకే మిట్టమధ్యాహ్నం కూడా ఎక్కువ ఇసుక ఎత్తుతాడు. ఆ ఇసుకతో ఇల్లు కట్టుకునేది మనమే కదా.

హోస్ట్: అవును... మరి ఎవరిచ్చారు చివరికి?

అక్క: ఊళ్లో వాళ్లే. 50, 100, 200. ఒక హార్డ్‌వేర్ షాపాయన 80జీ రసీదు, అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపుకి పనికొచ్చేది, అడిగారు. మా దగ్గర లేదని చెప్తే రెండు డబ్బాల రంగు ఇచ్చి పంపారు. కొమ్ము బొమ్మలు చేసే ఒకాయన దగ్గరికి వెళ్లడానికి నాకు చాలా టెన్షన్. పర్లాకిమిడి అంటేనే కొమ్ము పని కదా. ఆయన మా కరపత్రం మొత్తం చదివి, "మీ నాటకం మా పొట్ట మీదికా అమ్మా?" అన్నారు. కాదు బాబాయ్, బతికున్న ఎద్దు గురించి అన్నాను. కాసేపు కొంగ బొమ్మకి నునుపు పెడుతూ మాట్లాడలేదు. తర్వాత 500 ఇచ్చారు. "చచ్చిన పశువు కొమ్ముతోనే నా పని. బతికినంత కాలం బాగా బతికితే నాకేం నష్టం?" అన్నారు.

హోస్ట్: టికెట్ పెడదామని అనుకోలేదా?

అక్క: లేదు. టికెట్ పెడితే ఆ బండివాడు రాడు. బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ కలకత్తాలో టికెట్టు లేకుండానే ఆడారు, చూసినవాళ్లు తోచింది ఇచ్చేవారు. ఢిల్లీలో జన నాట్య మంచ్ అనే వీధి నాటక బృందం వాళ్లు ఆట అయ్యాక దుప్పటి పరిచి అడిగేవారు. మేం తువ్వాలు పడతాం. పక్కనే ఫోన్‌పే స్కానర్ కూడా ఉంటుంది, ఈ రోజుల్లో చిల్లర ఎవరి దగ్గరుంది?

హోస్ట్: కళాకారులకీ జంతుహింసని ఆపే చట్టానికీ సంబంధం ఉందని మొన్న చెప్పారు...

అక్క: రుక్మిణీదేవి అరండేల్. చెన్నైలో కళాక్షేత్ర అనే నాట్య పాఠశాల స్థాపించిన నర్తకి. రాజ్యసభలో జంతుహింసకి వ్యతిరేకంగా బిల్లు పెట్టింది ఆవిడే. ఆ పట్టుదల వల్లే 1960లో ప్రభుత్వం చట్టం తెచ్చింది. 1962లో బోర్డు పెడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. కాకపోతే ఆ చట్టంలో మొదటిసారి తప్పుకి జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలు. నాటకంలో ఈ మాట వచ్చినప్పుడు జనం నవ్వుతారు. మా ఎద్దు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. అప్పుడు నవ్వు ఆగిపోతుంది.

హోస్ట్: తువ్వాలులో పడ్డ డబ్బుల్లో మీకు బాగా గుర్తున్నది?

అక్క: ఒక 20 రూపాయల నోటు. సంత మైదానంలో రిహార్సల్ చేస్తున్నాం. ఇసుక బండి తోలే ఒక మావయ్య బండి ఆపి, ముల్లుకర్ర చంకలో పెట్టుకుని మొత్తం చూశారు. నాటకంలో ఒక సీన్‌లో బండెద్దుల రూల్స్ చెప్తాం, అవి 1965 నుంచే ఉన్నాయి. రోజుకి 9 గంటలు మించకూడదు, 5 గంటలకి మించి ఏకబిగిన తోలకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట 12 నుంచి 3 దాకా కట్టకూడదు. ముల్లుకర్ర కూడా వాడకూడదు. ఆ సీన్ వచ్చేసరికి ఆయన చంకలోది తీసి వెనక్కి పెట్టుకున్నారు. తిడతారేమో అనుకున్నాను. దగ్గరికొచ్చి నోటు వేసి, "అమ్మా, మీ ఎద్దు తప్పు చేస్తోంది" అన్నారు.

హోస్ట్: ఏమిటంట?

అక్క: మా వాడు మెడ మీద పుండున్నట్టు తల అటూ ఇటూ విదిలిస్తున్నాడు. "కాడి పుండు మీద ఈగ వాలితే ఎద్దు మెడ కదపదమ్మా. కదిపితే కాడి రాసుకుని ఇంకా మండుతుంది. చెవి ఒక్కటే కొట్టుకుంటుంది" అన్నారు. చెప్పి బండి దగ్గరికెళ్లి, తన ఎద్దు మెడ కింద మడతపెట్టిన గోనెసంచి సరిచేసుకున్నారు. అది అప్పటికే అక్కడుంది. మర్నాటి నుంచి మావాడు మెడ కదపడం లేదు. ఒక్క అరచెయ్యి మాత్రం టపటపా కొట్టుకుంటుంది. ఆ సీన్‌లో పిల్లలు కూడా మాట్లాడరు.

హోస్ట్: ఇంకా ఎంత తక్కువుంది అక్కా?

అక్క: 6,200. మైక్ బ్యాటరీకి, చివరి రెండు ఊళ్ల ఆటోకి. వచ్చే సంత రోజు సాయంత్రం ఆట ఉంది. ఆ మావయ్య బండివాళ్లందరినీ తీసుకొస్తానన్నారు. ఎండ తగ్గాకే మొదలుపెట్టమన్నారు, అప్పటికి ఎద్దుల్ని విప్పి నీళ్లు పెట్టేసి వస్తారంట.